దుబాసీ లేని ఊళ్ళో

బందరులో ఇంగ్లీషుపాలెం ఉంది, ఫరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది. మొదటి రెండూ ఎవరి పేరు మీద వెలిశాయో చిన్నపిల్లలైనా చెబుతారు. మూడోది చాలామందికి తట్టదు. వలందులంటే హాలండువాళ్ళు, మన పాఠ్యపుస్తకాల్లోని డచ్చివాళ్ళు. 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో బందరులో కోఠీ పెట్టుకుని, ఆ శతాబ్దమంతా ఇక్కడి అద్దకం బట్టలు ఓడలకెత్తారు. వాళ్ళ సమాధులు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. రాతి పలకల మీద వంశచిహ్నాలు, వాటి కింద పొడుగాటి డచ్చి రాతలు. పుట్టిన ఊరికి వేల మైళ్ళ దూరంలో, చవిటి నేలలో, మన ఎండకూ మన జ్వరాలకూ పోయిన మనుషులు వాళ్ళు.

ఇప్పుడు ప్రయాణం ఎదురుదిక్కున సాగుతోంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ ఇళ్ళల్లో పుట్టిన పిల్లలు ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆమ్‌స్టెల్‌వేన్‌లోనూ, ఐండ్‌హోవెన్, ద హేగ్, యూట్రెక్ట్ ఊళ్ళల్లోనూ కాపురాలుంటున్నారు. మా అమ్మాయి వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. నేను బందరు పక్క చిలకలపూడి నుంచి మూడుసార్లు వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా మూడు నెలలుండి వచ్చాను. అంతకుమించి ఉండనివ్వరు. చుట్టపుచూపు వీసాకు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే గడువు. ఆ మూడు విడతల్లో నేను చూసినదీ, అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని విన్నదీ, ఇక్కడ చదివినదీ కలిపి ఒకచోట పెడదామని ఈ వ్యాసం.

అక్కడి బతుకుకు అలవాటుపడటం అనగానే మనవాళ్ళు చలి, రొట్టె, సైకిలు అని మూడు మాటలు చెబుతారు. చలికి కోటుంది. మధ్యాహ్నం రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని పెద్దవాళ్ళు సైతం తినడం మొదట వింతే కానీ, అన్నం డబ్బా పట్టుకెళితే కాదనేవాళ్ళు లేరు. గోంగూరా కరివేపాకూ దొరుకుతాయి. సైకిలు నెల రోజుల్లో వస్తుంది. దేశంలో మనుషులకన్నా సైకిళ్ళే ఎక్కువ. రాత్రి దీపం లేకుండా తొక్కితే జరిమానా. వీటన్నిటికన్నా నన్ను కదిపింది చీకటి. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. పొద్దున్న బడికి పంపేటప్పుడూ చీకటే, సాయంత్రం ఇంటికి తెచ్చుకునేటప్పుడూ చీకటే. మొదటి శీతాకాలం మా అమ్మాయి ఫోనులో ఊరికే ఏడ్చేది, కారణం అడిగితే చెప్పలేకపోయేది. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుతురుంటుంది, అప్పుడు ఆ మనుషులే వేరే మనుషుల్లా కనిపిస్తారు.

ఇవన్నీ శరీరం సర్దుకునే సంగతులు. అసలు కష్టం వేరేచోట ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మళ్ళీ బందరుకే రావాలి.

ఆ రోజుల్లో డచ్చి కంపెనీ వాడు ఇక్కడ ఏ పని చేయాలన్నా పక్కన దుబాసీ ఉండాలి. ఊరి షావుకారుతో బేరం ఆడాలన్నా, నేతగాడికి బయానా ఇవ్వాలన్నా, హవల్దారు దగ్గర మొర పెట్టుకోవాలన్నా రెండు భాషలు తెలిసిన ఆ మనిషే దిక్కు. కోఠీ గోడల లోపల వాళ్ళ తిండి, వాళ్ళ ప్రార్థన, వాళ్ళ లెక్కల పుస్తకాలు. గోడ బయట ఊరు. ఆ గోడ దాటి చూసినవాళ్ళు కొద్దిమంది. బందరులోనూ గోల్కొండలోనూ ఏళ్ళ తరబడి కొలువు చేసిన డానియల్ హావర్ట్ వాళ్ళలో ఒకడు. పారశీకం నేర్చుకుని సాదీ రాసిన బోస్తాన్‌ను డచ్చిలోకి తెచ్చాడు. 1693లో కోరమాండల్ తీరంలో తమ కంపెనీ ఎదుగుదల, పతనం గురించి పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఈనాడు ఆ కాలపు బందరు గురించి రాసేవాళ్ళు ఆ పుస్తకం తెరవక తప్పదు. దుబాసీ మీద ఆనుకుని బతికిన మిగతావాళ్ళకు రాతి పలక మీది పేరు మిగిలింది, అదీ కొందరికే.

ఆ దేశంలో మనవాళ్ళకూ ఒక దుబాసీ ఉంది. దాని పేరు ఇంగ్లీషు. 2004లో నైపుణ్యమున్న ఉద్యోగుల కోసం డచ్చి ప్రభుత్వం ప్రత్యేక వలస పద్ధతి పెట్టింది. తగిన జీతంతో కంపెనీ పిలిస్తే చాలు, భాషా పరీక్ష లేకుండా వెళ్ళవచ్చు. ఆఫీసులో ఇంగ్లీషు, దుకాణంలో ఇంగ్లీషు, బస్సు డ్రైవరూ ఇంగ్లీషులోనే జవాబు చెబుతాడు. ఐరోపాలో ఇంత బాగా ఇంగ్లీషు మాట్లాడే దేశం మరొకటి దొరకడం కష్టం. అందుకే జర్మనీ వెళ్ళినవాడు మొదటి నెలలోనే భాష కోసం తిప్పలు పడి నేర్చుకుంటాడు, నెదర్లాండ్స్ వెళ్ళినవాడు పదేళ్ళయినా నేర్చుకోడు. అవసరం రాదు. వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారిగా మీదపడుతుంది. ఇల్లు, వైద్యం, బడి, ఇరుగుపొరుగు, ఉద్యోగం పోవడం, వీటిలో ఏదో ఒకచోట దుబాసీ చెయ్యి వదిలేస్తుంది.

మొదటి నెల సంగతి చూడండి. ఇంటి చిరునామా ఉంటేనే మునిసిపాలిటీలో పేరు నమోదవుతుంది. నమోదైతేనే పౌరసేవా సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య ఉంటేనే జీతం, బ్యాంకు ఖాతా, నాలుగు నెలల్లోపు తప్పనిసరిగా తీసుకోవలసిన ఆరోగ్య బీమా, ప్రభుత్వ వెబ్‌సైట్లలోకి వెళ్ళే డిజిడి తాళంచెవి. అన్నిటికీ మొదలు ఇల్లు, ఇల్లేమో దొరకదు. దేశమంతా ఇళ్ళ కరువు. ఒక్క ఫ్లాటు అద్దెకుందంటే పదుల మంది వరసకడతారు, చెప్పిన అద్దె మీద పైకి పాడతారు. పేరు చూసి, వంట వాసన మాట ఎత్తి కాదన్నవాళ్ళూ మావాళ్ళకు ఎదురయ్యారు. అన్నీ కుదిరిన తరవాత ఉత్తరాలు మొదలవుతాయి. పన్నుశాఖ ఉత్తరం నీలం కవరులో వస్తుంది, లోపలంతా డచ్చే. ఫోను కెమెరా కింద పెట్టి అనువాదం చదువుకుంటారు మా పిల్లలు. కట్టాలా, వాళ్ళే ఇస్తారా అన్నంత వరకు తెలుస్తుంది. అభ్యంతరం ఎన్ని రోజుల్లో చెప్పుకోవాలన్నది కింద చిన్న అక్షరాల్లో ఉండిపోతుంది. మా అల్లుడి స్నేహితుడొకడు ఆ గడువు చూసుకోక, కట్టనక్కర్లేని డబ్బు కట్టాడు.

వచ్చినవాళ్ళకు జీతంలో 30 శాతం మీద పన్ను లేకుండా ఐదేళ్ళు సాగే రాయితీ ఒకటుంది. 2027 నుంచి అది 27 శాతానికి తగ్గుతుంది. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ నమోదైన 185 రోజుల వరకే చెల్లుతుంది. ఈ రాయితీ ఉన్నవాళ్ళకు మాత్రం పరీక్ష లేకుండా మార్చి ఇస్తారు. ఎక్కువ జీతగాడికి అన్నీ కొంచెం సులువు. ఆ సులువే వాడిని కోఠీ గోడల లోపల ఉంచేస్తోందని నా అనుమానం.

ఇక కాలం సంగతి. అక్కడ చుట్టపుచూపు కూడా డైరీలో రాసుకునే వ్యవహారం. పొరుగింటామె కాఫీకి పిలిస్తే మూడు వారాల తరవాతి గురువారం, పదిన్నరకు అంటుంది. ఆరు గంటలకు వాళ్ళు భోజనానికి కూర్చుంటారు, ఆ వేళకు లేవడం మర్యాద. ‘ఉండండి, భోంచేసి వెళ్దురుగాని’ అనే మాట వినపడని ఊళ్ళో మొదటిసారి నాకు గుండె చివుక్కుమంది. కానీ వాళ్ళది పిసినారితనం అని మనవాళ్ళు చెప్పుకునే మాట నేను ఒప్పుకోను. పిలిచిన గురువారం నాడు ఆమె నాకోసం పూర్తిగా ఒక గంట ఖాళీ ఉంచింది. ఫోను ముట్టుకోలేదు. చిలకలపూడి అంటే ఏమిటని అడిగింది. నా చేతి గాజులు చూసి బంగారమా అంది. మా ఊరు రోల్డుగోల్డు నగలకు పేరుపడ్డ ఊరని, రాగి ఇత్తడి మీద బంగారు పూత ఎక్కిస్తారని చెబితే, ధర ఎంతో నేరుగా అడిగేసింది. నేరుగా అడగడం వాళ్ళ నైజం. జుట్టు కత్తిరింపు బాగోలేదని మొహం మీదే అంటారు, ఆఫీసులో పెద్దవాడి లెక్క తప్పని కుర్రవాడు పదిమందిలో అంటాడు. మనకది తలకొట్టేసినట్టు ఉంటుంది. వాళ్ళకు అది మనిషిని నమ్మడం. పుట్టినరోజు నాడు మాత్రం పుట్టినవాడికే కాక వాడి అమ్మకూ నాన్నకూ తాతకూ వచ్చిన అతిథులకూ వరసగా శుభాకాంక్షలు చెబుతారు. అది చూసినప్పుడు నాకు మన ఊరు గుర్తొచ్చింది.

వైద్యం దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది కోపం పెంచుకునేది ఇక్కడే. బందరులో ఒళ్ళు వెచ్చబడితే సందు చివర మందుల షాపువాడే నాలుగు మాత్రలిస్తాడు. లేదంటే నేరుగా పెద్ద డాక్టరు. అక్కడ ప్రతి ఇంటికీ ఒక కుటుంబ వైద్యుడుంటాడు, ప్రాణం మీదికొస్తే తప్ప ఆయనను దాటి ఆసుపత్రికి వెళ్ళడం కుదరదు. రాత్రి పూటైనా ముందు ఫోను చేసి చెప్పుకోవాలి. ఫోను ఎత్తిన మనిషి ప్రశ్నలడిగి, రావాలో వద్దో తేలుస్తుంది. వెళితే పది నిమిషాలు చూసి, పారాసెటమాల్ వేసుకుని రెండు మూడు రోజులు చూడమంటారు. ఐరోపాలో యాంటీబయాటిక్ మందులు అతి తక్కువ రాసే దేశాల్లో ఇదొకటి. అది మంచిదేనని ఇప్పుడు నాకు తెలుసు. పిల్లకు జలుబు చేసినప్పుడల్లా మందులు పోసిన మన అలవాటు వల్ల ఏమవుతోందో మన డాక్టర్లే చెబుతున్నారు. అయినా ఒక చిక్కుంది. ఆ పద్ధతి మొత్తం రోగి తన బాధను సరిగ్గా చెప్పుకోగలడన్న నమ్మకం మీద నిలబడింది. డచ్చివాడు తనకెంత నొప్పో, ఏం భయమో, ఏం కావాలో సూటిగా చెబుతాడు. మనం డాక్టరు ముందు నెమ్మదిగా, మర్యాదగా, ‘కొంచెం నొప్పిగా ఉందండీ’ అంటాం, అదీ ఇంగ్లీషులో. ఆ కొంచెం వాళ్ళకు కొంచెంలాగే వినపడుతుంది. మావాళ్ళల్లో ఒకమ్మాయి కడుపునొప్పిని అలా మూడుసార్లు చెప్పి, నాలుగోసారి గట్టిగా ఏడిస్తే గానీ పరీక్షలకు పంపలేదు. ఆ తరవాత ఆమె డచ్చి క్లాసులో చేరింది. మొదట నేర్పమన్నది నొప్పికి సంబంధించిన మాటలే.

పురుడు విషయంలో మాత్రం వాళ్ళను మెచ్చుకోక తప్పదు. మా వైపు తొలిచూలు పుట్టింట్లో. ఏడో నెలలో తీసుకొచ్చి, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో పంపిస్తాం. అక్కడ 90 రోజుల అమ్మమ్మకు అది కుదరదు. కాన్పు ముందు రెండు వారాలు, తరవాత పది వారాలు అని లెక్కపెట్టుకుని వెళ్ళాను. అక్కడ కడుపుతో ఉన్నవాళ్ళను చూసేది ఆ చదువే చదువుకున్న మంత్రసాని. చిక్కేమీ లేకపోతే డాక్టరు మొహం చూడనక్కర్లేదు. ఇంట్లోనే కనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బిడ్డ పుట్టిన తరవాత వారం రోజుల పైన బాలింత సహాయకురాలు ఇంటికి వస్తుంది, బీమా డబ్బులతో. పాలివ్వడం నేర్పుతుంది, కుట్లు చూస్తుంది, బిడ్డ బరువు తూచి పుస్తకంలో రాస్తుంది, స్నానాలగది కడుగుతుంది, ఇంటికొచ్చిన చుట్టాలకు టీ కూడా పెడుతుంది.

ఆమె వచ్చిన రెండో రోజు నేను బిడ్డకు నలుగు పెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి వేశాను. ఇంటి కప్పు మీది పొగ గంట మోగింది. 2022 జూలై నుంచి ప్రతి ఇంట్లో ప్రతి అంతస్తులోనూ అది ఉండి తీరాలి. ఆమె పరుగున వచ్చి కిటికీలు తెరిచింది. నా మీద కోప్పడలేదు. ఇది ఎందుకు వేస్తారని అడిగింది. జుట్టు ఆరడానికి, జలుబు చేయకుండా అన్నాను. పసివాళ్ళ ఊపిరితిత్తులకు పొగ మంచిది కాదని, జుట్టును తువ్వాలుతో తుడిచి ఆరబెట్టవచ్చని చెప్పింది. నూనె మర్దనకు అడ్డు చెప్పలేదు. తరవాత నా వైపు చూడకుండా మా అమ్మాయి వైపు తిరిగి, నీకేం కావాలి అని అడిగింది. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, పొగ వద్దు, మర్దన కావాలి అంది. మా ఇళ్ళల్లో బాలింతను ఆ మాట అడిగినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. నా పురుడప్పుడు నన్నూ ఎవరూ అడగలేదు.

అప్పుడే ఇంకోటి చూశాను. బిడ్డ పుట్టిన ఇంట్లో వచ్చినవాళ్ళకు గుండ్రటి రస్కు మీద వెన్న రాసి, పైన చక్కెర పూత పూసిన సోంపు గింజలు చల్లి పెడతారు. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లవాడికి నీలం. ఆ జాతి సోంపు బాలింతకు పాలు పట్టిస్తుందని వాళ్ళ పెద్దల నమ్మకం. మా ఇంటి కాయంలో శొంఠితో పాటు సోంపు కూడా పడుతుందని చెబితే ఆ సహాయకురాలు కాగితం మీద రాసుకుంది.

బడి దగ్గర కథ వేరు. నాలుగో పుట్టినరోజుకు పిల్లను బడిలో వేస్తారు, ఐదు నుంచి తప్పనిసరి. చిన్న తరగతుల్లో ఇంటికి పని ఇవ్వరు. మార్కుల మాట ఉండదు. మనవాళ్ళు మొదట సంతోషిస్తారు, ప్రాథమిక బడిలో చివరిదైన ఎనిమిదో గ్రూపుకు వచ్చేసరికి గుండెలు చేత్తో పట్టుకుంటారు. ఎందుకంటే పన్నెండేళ్ళకే బడి ఒక సలహా ఇస్తుంది. చేతివృత్తుల వైపు వెళ్ళే వీఎంబీఓ, మధ్యలో హావో, విశ్వవిద్యాలయానికి నేరుగా తీసుకెళ్ళే వీడబ్ల్యూఓ. ఒక పరీక్ష కూడా ఉంటుంది కానీ టీచరు అన్నేళ్ళు చూసి చెప్పిన మాటే ముఖ్యం. గుడివాడ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఐఐటీ కోసం చదివిన తండ్రికి, తన కొడుకు వీఎంబీఓకు తగునన్న మాట వింటే కాళ్ళ కింద భూమి కదులుతుంది. నిజానికి అక్కడ సగంమంది పిల్లలు ఆ దారినే పోతారు. కొళాయి పని చేసేవాడికీ మంచి జీతమే. కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కే నిచ్చెనా ఉంది. అయినా ఆ సలహాలో భాష పాత్ర ఎంతో ఉందన్నది నా గట్టి నమ్మకం. ఇంట్లో తెలుగు, టీవీలో ఇంగ్లీషు, బడిలో మాత్రమే డచ్చి వినే పిల్లకు మాటల సంపద తక్కువ పడుతుంది. ఆ తక్కువను తెలివి తక్కువగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. తల్లిదండ్రులు డచ్చిలో టీచరుతో మాట్లాడగలిగిన ఇళ్ళల్లో ఈ లోటు రెండో ఏడాదే బయటపడుతుంది, మిగతా ఇళ్ళల్లో ఎనిమిదో గ్రూపులో.

బడి పుణ్యమా అని సంక్రాంతి కూడా పోయింది. బడి రోజుల్లో పిల్లను ఊరికి తీసుకెళితే హాజరు అధికారి నోటీసు ఇస్తాడు, జరిమానా పడుతుంది. పండుగకని ఒక రోజు, దగ్గరి బంధువు పెళ్ళికని కొద్ది రోజులు అడగవచ్చు, ముందే కాగితం పెట్టుకుని. పెద్ద సెలవులు జూలై, ఆగస్టుల్లో ఆరు వారాలు. అప్పటికి ఇక్కడ గొబ్బెమ్మలుండవు, మామిడిపళ్ళు అయిపోతాయి. ఆ పిల్లలకు తెలిసిన బందరు వానల బందరు, బురద బందరు. హరిదాసు ఎలా ఉంటాడో ఫోనులో చూపించవలసి వస్తోంది.

మళ్ళీ భాషకు వస్తాను, వ్యాసమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. డచ్చి కష్టమని అందరూ అంటారు. గొంతులోంచి గీరినట్టు వచ్చే ‘ఖ’ ఒకటి భయపెడుతుంది. అంకెలు తలకిందులు. ఇరవై ఐదును వాళ్ళు ఐదూ ఇరవై అంటారు, ఫోను నంబరు రాసుకోబోయి ప్రతివాళ్ళూ తప్పులు రాస్తారు. కానీ తెలుగువాడికి దొరికే ఒక సుఖం ఇంగ్లీషువాడికి దొరకదు. ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టిన డచ్చి ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. నాకు ఒంట్లో బాగా లేనందువల్ల అన్నట్టుగానే వరస నడుస్తుంది. మా అల్లుడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు మీదుగా డచ్చి నేర్చుకోబోయి రెండేళ్ళు తడబడ్డాడు. ఒకరోజు నేనే, తెలుగులో అనుకుని చూడవయ్యా అన్నాను. కొంత దారి తెరుచుకుంది. మీరు, నువ్వు తేడా కూడా వాళ్ళకుంది. కాకపోతే పై అధికారిని నువ్వు అనమంటారు. మనవాళ్ళకు నోరు రాదు.

నేర్చుకోబోయినవాడికి ఇంకో ఆటంకం ఆ జనమే. మన యాస వినగానే మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. డచ్చిలోనే మాట్లాడండి, నేను నేర్చుకుంటున్నాను అని ప్రతి దుకాణంలోనూ అడగాలి. అడిగితే ముఖం వికసిస్తుంది, నిదానంగా మాట్లాడతారు. అడగడానికి సిగ్గుపడేవాళ్ళకు ఏళ్ళు దొర్లిపోతాయి. ఐదేళ్ళ తరవాత శాశ్వత నివాసమో పౌరసత్వమో కావాలంటే భాషా పరీక్ష, సమాజం గురించిన పరీక్ష రాయాలి. చాలామంది ఆ పరీక్షకు మూడు నెలల ముందు పుస్తకం కొంటారు. గట్టెక్కుతారు, మర్చిపోతారు.

ఈ విషయంలో ఎక్కువ నష్టపోతున్నది భర్త ఉద్యోగం మీద వెళ్ళిన ఆడపిల్లలు. చట్టం వాళ్ళకు అడ్డం రాదు. వచ్చిన రోజు నుంచి ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ టీచరు, నర్సు, బ్యాంకు, ఆసుపత్రి లెక్కల గది, ఇవన్నీ డచ్చి అడిగే కొలువులు. సాఫ్ట్‌వేరు కానివాళ్ళు ఇంట్లో కూర్చుంటున్నారు. బందరులో ఎంఎస్సీ చదివి కాలేజీలో పాఠం చెప్పిన పిల్ల అక్కడ మూడేళ్ళు వంటగదికి పరిమితమై కూర్చోవడం నేను చూశాను. అదే పిల్ల గ్రంథాలయంలో ఉచితంగా నడిపే మాటల కూటమికి వారానికోసారి వెళ్ళి, అక్కడ ఒక ముసలామె పక్కన కూర్చుని, ఏడాదిన్నరలో బడి సహాయకురాలైంది. ఆమె భర్తకు ఇప్పటికీ నీలం కవరు ఆమే చదివిపెడుతుంది.

ద హేగ్‌లో ఇంకో రకం భారతీయులు కనిపిస్తారు. సూరినామ్ హిందుస్తానీలు. వాళ్ళ తాతముత్తాతలు కలకత్తా రేవులో ఒప్పందపు కూలీలుగా ఓడెక్కారు. మొదటి ఓడ లల్లా రూఖ్ 1873 జూన్ 5న పరమారిబో చేరింది. 1975లో సూరినామ్‌కు స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో వేలమంది నెదర్లాండ్స్‌కు వచ్చేశారు. మనకు కాకరకాయ, బచ్చలికూర దొరికేది వాళ్ళ కొట్లలోనే. వాళ్ళు మనంత చదువుకుని, మనంత జీతంతో రాలేదు. అవమానాలు ఎక్కువే పడ్డారు. కానీ డచ్చి వాళ్ళ నోట్లో ఉంది, కాబట్టి మునిసిపాలిటీ సభల్లో కూర్చుంటారు, కోర్టుల్లో వాదిస్తారు, బడి కమిటీల్లో మాట్లాడతారు. మన సంఘాలు ఉగాదికి హాలు అద్దెకు తీసుకుని పులిహోర పంచుతాయి. అదీ కావలసిందే, నేనూ వెళ్ళి తిన్నాను. 2023 నవంబరు ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే పార్టీ 150లో 37 సీట్లు తెచ్చుకుని అన్నిటికన్నా పెద్దదైనప్పుడు మాత్రం మన ఇళ్ళల్లో వాట్సాప్‌లో భయపడ్డారే కానీ, పొరుగింటివాడితో ఆ మాట మాట్లాడగలిగినవాళ్ళు ఒకరిద్దరే. ఐదేళ్ళు చట్టబద్ధంగా ఉన్నవాళ్ళకు పౌరసత్వం లేకపోయినా మునిసిపాలిటీ ఎన్నికల్లో ఓటుంది. ఆ సంగతి తెలియనివాళ్ళనే ఎక్కువమందిని చూశాను.

రెండు దేశాల మధ్య మాటలూ బట్టలూ పూర్వం రెండువైపులా నడిచాయి. పేకాటలో మనం కొట్టే తురుపు వాళ్ళ ‘ట్రూఫ్’ నుంచి వచ్చిందంటారు. చిరివేరు ఎరుపు వేసి ఈ తీరంలో అద్దిన చీట్లు వాళ్ళ భాషలో ‘సిట్స్’ అయ్యాయి. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో హిందలోపెన్ అనే రేవు ఊళ్ళో ఆడవాళ్ళు ఆ సిట్స్‌తో పొడుగు చొక్కాలు కుట్టించుకున్నారు. అది వాళ్ళ సంప్రదాయ వేషంగా నిలిచిపోయింది. లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో 2017లో సిట్స్ మీద పెద్ద ప్రదర్శన జరిపారు. పెడనలో అద్దకపు బల్లల ముందు నిలబడినవాళ్ళకు ఆ పువ్వులు, తీగలు పరాయివిగా కనిపించవు. మా అమ్మాయి ఈ కథ తన పిల్ల క్లాసులో డచ్చిలో చెప్పింది, పెడన దుప్పటి ఒకటి పట్టుకెళ్ళి. పిల్లలంతా దాన్ని తడిమి చూశారట. ఆ రోజు తరవాత బడి గేటు దగ్గర మిగతా తల్లులు ఆగి పలకరించడం మొదలుపెట్టారని చెప్పింది.

అన్నిటికన్నా ఆ దేశం నాకు దగ్గరైంది నీళ్ళ వల్ల. నేను డెల్టా మనిషిని. ఆ దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టం కంటే కింద ఉంది. మొదటిసారి విమానం దిగినప్పుడు, ఈ నేల సముద్రానికన్నా మూడు నాలుగు మీటర్లు కింద అని అల్లుడు చెబితే నాకు నమ్మకం కుదరలేదు, ఒళ్ళు జలదరించింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులో 30 వేలమందిని తీసుకుపోయిందని మా నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ నోట విని చెప్పేది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను నేను స్వయంగా ఎరుగుదును. మాకు చుట్టాలు దివిసీమలో ఉండేవాళ్ళు. నాకు పదకొండేళ్ళు. మూడు రోజుల తరవాత మా నాన్న అవనిగడ్డ వైపు వెళ్ళి, వారం తరవాత వచ్చి, ఎవరి పేరూ చెప్పకుండా మంచం మీద పడుకున్నాడు. ఆ ఒక్క పూటలో పది వేలమందికి పైగా పోయారు.

వాళ్ళకూ అలాంటి రాత్రి ఒకటుంది. 1953 జనవరి 31 రాత్రి తెల్లవారితే ఫిబ్రవరి 1. జేలాండ్ దీవుల్లోనూ పక్క ప్రాంతాల్లోనూ కరకట్టలు తెగి 1,836 మంది చనిపోయారు. ఆ తరవాత వాళ్ళు నలభై ఏళ్ళకు పైగా కట్టలు, తలుపులు కడుతూనే ఉన్నారు. ఓస్టర్‌స్కెల్డె అడ్డుకట్ట 1986లో, రోటర్‌డామ్ రేవుకు కాపలా కాసే మేస్లాంట్ తలుపులు 1997లో. వీటన్నిటికన్నా పాతవి నీటి మండళ్ళు. కొన్ని 13వ శతాబ్దం నుంచి నడుస్తున్నాయి. ఇప్పుడు 21 ఉన్నాయి. వాటికి వేరే ఎన్నిక, వేరే పన్ను. అద్దెకుండే మా అమ్మాయి ఇంటికీ ఆ పన్ను చీటీ వస్తుంది. మన దగ్గర 1997 చట్టంతో నీటి సంఘాలు పెట్టారు. శివారు భూమికి నీళ్ళు రాక, పైవాడి తూము ముందు దెబ్బలాడుకున్న రోజులు మా ఇళ్ళల్లో అందరికీ గుర్తే. అక్కడ కట్ట తెగితే షావుకారు పొలమూ కూలివాడి గుడిసే ఒకేసారి మునుగుతాయి గనక, ఇష్టం లేనివాడితోనైనా బల్ల చుట్టూ కూర్చుని తేల్చుకోవలసి వచ్చింది. ఆ గంటల తరబడి సాగే మీటింగులు చూసి మనవాళ్ళు విసుక్కుంటారు. అందరి మాటా అయితే గానీ లేవరు. ఆ అలవాటు కట్టల మీద పుట్టిందని కొందరు చరిత్రకారులు చెబుతారు. నాకది నిజమేననిపించింది.

అంత నీరున్న దేశంలో పిల్లలకు ఈత రావాలి. బడికన్నా దాని గురించే ఎక్కువ పట్టింపు. ఏ, బీ, సీ అని మూడు సర్టిఫికెట్లు. మొన్న మూడోసారి వెళ్ళినప్పుడు మా మనవరాలి ‘ఏ’ పరీక్ష. ఈత కొలను చుట్టూ తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు. నా పక్కన ఆ కాఫీ పొరుగింటామె కూడా వచ్చి కూర్చుంది, డైరీలో రాసుకుని. మొదట మామూలు ఈత అనుకున్నాను. పిల్లలంతా చొక్కా, లాగు, కాళ్ళకు బూట్లు వేసుకుని వరసగా నిలబడ్డారు. ఎందుకని అడిగాను. కాలవలో పడినప్పుడు ఎవరూ ఈత బట్టలతో ఉండరు కదా అంది ఆమె, డచ్చిలో, నిదానంగా. మనవరాలు నాకు తెలుగులో తిరగేసి చెప్పబోయింది. అర్థమైందే అన్నాను.

ఈల ఊదారు. బట్టలతోనే నీళ్ళల్లోకి దూకింది. ఒక్క క్షణం కనపడలేదు. చొక్కా గాలి పట్టి బుడగలా పైకి లేచింది, తరవాత తల. చేతులు కదుపుతూ అక్కడే నిలబడింది, లెక్క పూర్తయ్యేదాకా. తరవాత బూట్ల కాళ్ళతో ఈదుకుంటూ అవతలి గట్టుకు చేరి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, నీళ్ళు కారుతున్న బట్టల బరువుతో తనే పైకి ఎక్కింది.